దమ్ము ఎంతుందో 12 నిమిషాల్లో తేల్చుకోండి

తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని నిబంధన పెట్టారు. మన నిజామాబాద్ జిల్లాలో ఎడపల్లి, బోధన్ వైపు పోలీసు ‘ఈవెంట్స్’కు, అంటే శారీరక పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్లు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రోజూ ఉన్న బలమంతా పెట్టి ఉరుకుతారు. నాలుగు రౌండ్ల ఈ 1600 మీటర్లలో మొదటి రౌండు 80 సెకన్లలో ముగించి, మూడో రౌండుకల్లా కాళ్లు బరువెక్కి నిలబడిపోతారు. నాలుగు రౌండ్లూ 108 సెకన్ల చొప్పున లాగితే చాలునని గడియారం చెబుతున్నా వినరు.

దమ్ము అంటే ఊపిరితిత్తుల బలం ఒక్కటే కాదు. పీల్చిన ఆక్సిజన్‌ను గుండె రక్తంతో కండరాలకు పంపాలి, కండరాలు దాన్ని వాడుకోవాలి. కిలో బరువుకు నిమిషానికి ఒంట్లో గరిష్ఠంగా ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చవుతుందో, అదే అసలు కొలత. దీన్ని ‘వీఓటూ మ్యాక్స్’ అంటారు. ప్రయోగశాలలో అయితే ముఖానికి మాస్కు తగిలించి ట్రెడ్‌మిల్ మీద ఉరికిస్తారు.

ఆ ప్రయోగశాల ఖర్చు లేకుండా అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో తేలిక దారి చూపాడు. 12 నిమిషాల్లో ఎన్ని మీటర్లు ఉరికారో చూసి, అందులోంచి 505 తీసేసి 45తో భాగిస్తే వీఓటూ మ్యాక్స్ అంచనా వస్తుంది. 2400 మీటర్లు ఉరికితే సుమారు 42 వస్తుంది. మగవాళ్ల పోలీసు పరుగు వేగాన్ని 12 నిమిషాలూ నిలిపితే దాదాపు 2650 మీటర్లు వస్తాయి, లెక్క 47కు పైనే తేలుతుంది.

దమ్ము పెంచుకునేదెలా? వారంలో ఎక్కువ రోజులు నింపాదిగా ఉరకాలి. అలీసాగర్ జలాశయం వైపు వెళ్తూ పక్కవాడితో మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టే. దీంతో కండరాల్లో సన్నని రక్తనాళాలు, శక్తినిచ్చే మైటోకాండ్రియా పెరుగుతాయి. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రం నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఇలా నాలుగు విడతలు చేయాలి. దీంతో గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం ఎక్కువవుతుంది. పొద్దున్నే మంచం దిగకముందు నాడి పట్టి లెక్కించండి, వారాలు గడిచేకొద్దీ ఆ అంకె తగ్గుతుంటే సాధన ఫలిస్తున్నట్టు.

మన జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొందాకే. దమ్ము నెలల మీద పెరిగేది. నియామకాల నోటిఫికేషన్ పడ్డాక కాదు, ఈ వారమే మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరును కలవాలి.