ఉప్పుపూత జాడీ

ఉప్పుపూత జాడీ అనగా గట్టి బంకమట్టితో చేసి, బట్టీలో కాలుతుండగా ఉప్పు వేయడం ద్వారా గాజువంటి పూత ఏర్పరచిన పాత్ర. ఇట్టి పాత్రలను స్టోన్‌వేర్ అంటారు. నీలిరంగు బొమ్మలు గల అమెరికా జాడీలు పాతవస్తువుల సేకరణలో ప్రసిద్ధమైనవి. తెలుగువారి ఊరగాయ జాడీ కూడా స్టోన్‌వేర్ పాత్రయే.

అవసరం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో వేసవిలో మామిడికాయ తొక్కు, చలికాలంలో చింతకాయ తొక్కు పెట్టి ఏడాది పొడవునా వాడుకోవడం ఆనవాయితీ. ఉప్పు, పులుపు కలిసిన పదార్థం లోహాన్ని తినివేస్తుంది. జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి పనికి పేరుపొందినది. అయితే ఇత్తడి పాత్రలో పులుపు నిలవ ఉంచితే కిలుము పడుతుంది. అందుకే వంట ఇత్తడికి లోపల కళాయి పూస్తారు. కుమ్మరి ఆవంలో కాలిన కుండకు సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. మంచినీరు చల్లబడుటకు ఆ గుణం మేలు చేస్తుంది, నూనె, ఉప్పు నిలవకు మాత్రం పనికిరాదు. స్టోన్‌వేర్ సుమారు 1200 నుండి 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలి రాయిలా గట్టిపడుతుంది, ద్రవాన్ని పీల్చదు. దానిలో తొక్కు పెట్టి, మూతికి గుడ్డతో వాసెన కడితే ఏడాదంతా చెడకుండా ఉంటుంది.

తయారీ

బట్టీ అత్యధిక వేడికి చేరినప్పుడు దానిలో ఉప్పు వేస్తారు. ఉప్పులోని సోడియం ఆవిరియై మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి పలుచని గాజుపొరగా మారుతుంది. ఈ పొర నారింజ తొక్కవలె చిన్న గుంటలతో ఉంటుంది. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పొగగా వెలువడుతుంది. కోబాల్టు అంత వేడిని తట్టుకొనే కొద్ది రంగులలో ఒకటి, కనుక బొమ్మలు నీలిరంగులో వేసేవారు. ఆవిరి లోపలికి సరిగా చేరదు కనుక, అమెరికా జాడీల లోపలి భాగానికి తరచుగా ఆల్బనీ ప్రాంతపు గోధుమరంగు మట్టిని పూసేవారు.

చరిత్ర

ఈ విధానం మధ్యయుగాల చివరలో జర్మనీలోని రైన్ నదీ ప్రాంతంలో వృద్ధి చెందింది. వలసవచ్చిన కుమ్మరులు 18వ శతాబ్దంలో దీనిని అమెరికాకు తీసుకువెళ్ళారు. వెర్మాంట్ రాష్ట్రంలోని బెన్నింగ్టన్‌లో నార్టన్ కుటుంబపు కార్ఖానా 1894 వరకు నడిచింది. 1858లో జాన్ మేసన్ పేటెంటు పొందిన మరమూత గాజుసీసా, తరువాత వచ్చిన శీతలీకరణ ఈ జాడీల అవసరాన్ని తగ్గించాయి.

ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో 1835లో విలియం పావెల్ ఉప్పుకు బదులు సీసం లేని పూతను ప్రవేశపెట్టాడు. పై భాగం గోధుమరంగు, కింది భాగం లేత రంగు గల జాడీలు ఈ పద్ధతికి సంబంధించినవి. మన ఇళ్ళలోని జాడీల రూపమూ అదే. భారతదేశంలో ఖుర్జా, థాన్‌గఢ్ ఇట్టి పాత్రలకు ప్రసిద్ధి. అంతకుముందే బర్మాలోని మర్తబాన్ రేవునుండి పూత జాడీలు బంగాళాఖాతం దాటి వచ్చేవి. హిందీలో జాడీకి గల మర్తబాన్ అను పేరు దానినుండి వచ్చినదే.

సేకరణ

సేకరణకర్తలు ప్రధానంగా మూడు విషయాలు చూస్తారు.

* ముద్ర: అమెరికా జాడీపై తయారీదారు పేరు, ఊరు, గాలన్ల సంఖ్య ఉంటాయి. మన జాడీలకు అడుగున కార్ఖానా ముద్ర ఉండవచ్చు.
* బొమ్మ: పక్షి, జంతువు, ఓడ వంటివి పువ్వుకంటే అరుదు, కాబట్టి ధర ఎక్కువ. అసలైన నీలం గాజుపొరలో కలిసిపోయి ఉంటుంది. తరువాత వేసినది పైపొరగా వేళ్ళకు తగులుతుంది.
* ధ్వని: వేలితో మెల్లగా తట్టినప్పుడు ఖంగుమంటే గట్టిది, బొంగురుగా పలికితే పగులు ఉండవచ్చు.

పగిలిన జాడీని, పూత ఏదో తెలియని పాత జాడీని ఆహారానికి వాడరాదు. కొన్ని పాత పూతలలో సీసం ఉంటుంది, పులుపు దానిని కరిగిస్తుంది.

ప్లాస్టిక్ డబ్బాలు వచ్చిన తరువాత ఎన్నో జాడీలు అటకలెక్కాయి, కొన్ని పారవేయబడ్డాయి. ఏ ఇంటిది, ఎప్పుడు కొన్నది అను వివరం రాసి ఉంచిన జాడీ, వివరం లేని జాడీకంటే విలువైనది. ఆ వివరం చెప్పగల పెద్దలు ఉండగానే దానిని నమోదు చేసుకోవాలి.