లేని కార్డు: బేస్‌బాల్ కార్డు పుట్టుపూర్వోత్తరాలు

బేస్‌బాల్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉండే అట్టముక్క. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని ఆట లెక్కలు, వాటి పక్కనే ఒక నంబరు. చూడగానే కన్ను బొమ్మ మీదికి పోతుంది గానీ, సేకరణకు ప్రాణం ఆ నంబరే. 105, 107 చేతిలో ఉంటే 106 లేదని దానంతట అదే తెలిసిపోతుంది. అమెరికాలో నూరేళ్లకు పైగా పిల్లల్నీ పెద్దల్నీ వెంటాడుతున్నది ఆ లేని కార్డే.

మొదట్లో ఈ వరుస లేదు. 1854లో ఫ్రాన్స్‌లో డిస్‌డెరీ అనే ఫొటోగ్రాఫర్ ఒకే ప్లేటు మీద అనేక చిన్న ఫొటోలు తీసే పద్ధతికి పేటెంటు పొందాక, అట్టకు అంటించిన చిన్న ఫొటోలు చవగ్గా దొరకసాగాయి. న్యూయార్క్‌లో ఆట సామాను అమ్మే పెక్ అండ్ స్నైడర్ దుకాణం, జీతం తీసుకునే ఆటగాళ్లతోనే ఏర్పడిన తొలి జట్టు, 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ ఫొటోను అలా అట్టకు అంటించి, వెనకవైపు తన ప్రకటన అచ్చేసి పంచింది. అది దుకాణం ప్రకటనే. వరుసగా చేర్చుకుంటూ పోవడానికి చేసింది కాదు.

వరుసను తెచ్చింది సిగరెట్టు. 1881లో జేమ్స్ బాన్‌సాక్ సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. చేత్తో చుట్టే మనిషి నిమిషానికి నాలుగైదు చుడితే, యంత్రం సుమారు 200 చుట్టేది. సరుకు పెరిగింది, కంపెనీల మధ్య పోటీ ముదిరింది. అప్పటి సిగరెట్ ప్యాకెట్ మెత్తటి కాగితంది, జేబులో నలిగిపోయేది. అది నలగకుండా లోపల ఒక గట్టి అట్ట పెట్టేవారు. ఎలాగూ పెడుతున్న అట్ట మీద బొమ్మ అచ్చేస్తే కొనేవాడు మళ్లీ ఆ ప్యాకెట్టే కొంటాడని కనిపెట్టడంలోనే ఈ వస్తువు పుట్టుక ఉంది. రిచ్‌మండ్ నగరపు అలెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో విడుదల చేసిన 50 కార్డుల వరుసలో పదిమంది బేస్‌బాల్ ఆటగాళ్లు. మిగతా వాళ్లలో కుస్తీవీరులు, పడవ పందేలవాళ్లు, తుపాకీ గురి చూపేవాళ్లు. ప్రతి కార్డు వెనకా మొత్తం యాభైమంది పేర్లూ అచ్చయి ఉండేవి. ఆ జాబితాను మించిన ఉపాయం మరొకటి లేదు: చేతిలో ఉన్న కార్డే లేని 49 కార్డుల్ని గుర్తుచేసేది.

ఆ బొమ్మలు రాతి అచ్చులో తయారయ్యేవి. నునుపైన సున్నపురాతి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి, నీళ్లు పట్టించి, అచ్చు సిరా రుద్దుతారు. జిడ్డు ఉన్నచోట సిరా అంటుతుంది, తడి ఉన్నచోట అంటదు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి కాబట్టి అట్ట ఒక్కో రాయి మీదికీ గీత తప్పకుండా వెళ్లాలి. అది తప్పిన కార్డుల్లో పెదవి రంగు పెదవి పక్కకు జరిగిపోయి కనిపిస్తుంది.

1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ విడుదల చేసిన వరుసలో 500 పైచిలుకు కార్డులున్నాయి. పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ తన బొమ్మ వేయడానికి ఒప్పుకోకపోవడంతో అతని కార్డు ముద్రణ మధ్యలోనే ఆగిపోయింది. పిల్లలు పొగాకు కొనకూడదనే అలా చేశాడని కొందరు, డబ్బు దగ్గర పేచీ వచ్చిందని కొందరు అంటారు. ఏదేమైనా ఈనాడు మిగిలినవి సుమారు 50 నుంచి 60. 2022లో ఒక వాగ్నర్ కార్డు 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది.

తర్వాత కార్డు పొగాకును వదిలి మిఠాయి పంచన చేరింది. బోస్టన్‌లోని గౌడీ గమ్ కంపెనీ 1933లో బబుల్ గమ్‌తో 240 కార్డుల వరుస తెచ్చింది. నిజానికి ఆ ఏడాది వచ్చినవి 239. నంబరు 106 ఏ ప్యాకెట్‌లోనూ లేదు. దాని కోసం పిల్లలు గమ్ కొంటూనే పోయారు. ఫిర్యాదులు ముదిరాక కంపెనీ మరుసటి ఏడాది నాప్ లాజొవే బొమ్మతో 106 అచ్చేసి, ఉత్తరం రాసి అడిగినవారికి పంపింది. పిల్లల ఆశతో ఆడిన ఆట అది, మంచి పని కాదు. అయితే ఖాళీ గడికి ఎంత బలం ఉందో అంతకన్నా స్పష్టంగా రుజువు చేసిన ప్రయోగమూ లేదు.

ఇలా కంపెనీకో రకంగా వచ్చిన వరుసలకు క్రమం తెచ్చినవాడు సిరక్యూస్ నగరవాసి జెఫర్సన్ బర్డిక్. 1930ల చివర్లో రకరకాల కార్డులకు గుర్తులు పెట్టి జాబితా అచ్చేశాడు. వాగ్నర్ వరుసను నేటికీ టి206 అని పిలిచేది ఆయన పెట్టిన గుర్తుతోనే. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోతున్నా, మూడు లక్షలకు పైగా కార్డులూ కాగితాలూ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో పని ముగించాడు, మార్చిలో కన్నుమూశాడు.

నేటి కార్డుకు రూపం ఇచ్చింది బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ. ఆ సంస్థ ఉద్యోగి సై బెర్గర్, 1951లో తన ఇంటి వంటగది బల్ల మీద వుడీ గెల్మన్‌తో కలిసి 1952 వరుసను రూపొందించాడు. రంగుల బొమ్మ, సంతకం నకలు, జట్టు చిహ్నం, వెనక గత ఏడాది లెక్కలు, మొత్తం 407 కార్డులు. వీటిని విడతలుగా, వందేసి కార్డుల షీట్ల మీద అచ్చేశారు. చివరి విడత 311 నుంచి 407 దాకా, అంటే 97 కార్డులు. షీట్‌లో మిగిలిన మూడు గడులు నింపడానికి మూడు కార్డుల్ని రెండేసి సార్లు వేశారు. వాటిలో 311వ నంబరు మిక్కీ మాంటిల్ ఒకటి. వెనకవైపు నంబరు చుట్టూ గీసిన బంతి కుట్లను భూతద్దంతో చూస్తే ఆ రెండు ముద్రణల తేడా తెలుస్తుంది. రెండింతలు అచ్చయినా అది అరుదైంది. ఈ విడత దుకాణాలకు చేరేసరికి ఆట సీజను ముగియవచ్చింది. గోదాములో పేరుకున్న పెట్టెల్ని 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పోయించానని బెర్గర్ తర్వాత చెప్పాడు. 2022 ఆగస్టులో ఒక 1952 మాంటిల్ కార్డు కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

ప్యాకెట్ చించేదాకా లోపల ఎవరున్నారో తెలియదు. గులాబీ రంగు గమ్ పలక తీపి వాసన, దాని పిండి అంటిన పై కార్డు, తర్వాత గబగబా తిరగేయడం: ఉంది, ఉంది, ఉంది, లేదు! ఉన్నదే మళ్లీ వస్తే మార్పిడికి పోతుంది. 1950ల న్యూయార్క్‌లో మూడు పెద్ద జట్లుండేవి. డాడ్జర్స్ అంటే ప్రాణమిచ్చే బ్రూక్లిన్ పిల్లాడికి యాంకీస్ ఆటగాడు యోగి బెర్రా రెండు కార్డులు దండగ, తన జట్టువాడు డ్యూక్ స్నైడర్ బంగారం. యాంకీస్‌ను ఇష్టపడే అవతలి వీధి పిల్లాడికి సరిగ్గా తలకిందులు. ఇచ్చిపుచ్చుకున్నాక కార్డుల సంఖ్య మారదు, ఇద్దరూ లాభపడ్డామనే ఇంటికి పోతారు, ఇద్దరి లెక్కా నిజమే. మిగిలినవి గోడకు విసిరే పందేలకూ, బట్టల క్లిప్పుతో సైకిల్ చువ్వలకు తగిలించి టకటక మోగించడానికీ పోయేవి. అలా అరిగి చిరిగినందువల్లే బాగున్నవి తక్కువ మిగిలాయి.

1980లో కోర్టు తీర్పు టాప్స్ గుత్తాధిపత్యానికి గండికొట్టడంతో మరుసటి ఏడాది ఫ్లియర్, డాన్‌రస్ సంస్థలు రంగంలోకి దిగాయి. పాత కార్డుల ధరలు విని జనం కొత్తవాటిని పెట్టెలకొద్దీ కొని దాచారు. కంపెనీలు అంతకు మించి అచ్చేశాయి. ఎవరూ పారేయలేదు, ఎవరికీ కొరత లేదు, ఆ కాలపు కార్డుల్లో చాలావాటికి నేటికీ ధర లేదు. 1989లో అప్పర్ డెక్ నకిలీలను అడ్డుకునే హోలోగ్రామ్‌తో వచ్చింది. 1990ల ఆరంభానికి టాప్స్ ప్యాకెట్‌లోంచి గమ్ కూడా తప్పుకుంది, అది కార్డుకు మరక చేస్తోందని సేకర్తల గోల.

ఇప్పుడు విలువైన కార్డును సంస్థలు పరీక్షించి, పదికి మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తున్నాయి. మూలలు, అంచులు, బొమ్మ నడిమధ్యన ఉందా లేదా అన్నది చూస్తారు. అతినీలలోహిత కాంతి కింద కొత్త కాగితం తరచూ నీలంగా మెరుస్తుంది. తెల్లదనం కోసం కలిపే రసాయనాలు దానికి కారణం. నూరేళ్ల నాటిదన్న కార్డు అలా మెరిస్తే నకిలీ అన్నమాటే. సీలైన కార్డును వేలితో తాకే వీలు లేదు. అందుకే కార్డుల సంతల్లో ఖరీదైన పెట్టెలు గాజు పలకల కింద ఉంటే, మార్పిళ్లు మాత్రం తొమ్మిది అరల ప్లాస్టిక్ పుటలున్న ఫైళ్ల మీద సాగుతుంటాయి. ఎదుటివారి పుటలు తిప్పేవాళ్లు ముందుగా వెతికేది తమ ఫైల్లో ఖాళీగా ఉన్న అర నంబరు.