సెప్టిక్‌ ట్యాంకుకు ముందు నేల పరీక్ష
మట్టి తీరు, జలమట్టం చూడకుంటే బోరు నీటికే ముప్పు

ఆటోనగర్‌ (గాజువాక): ఇల్లు కట్టేటప్పుడు బోరు ఎక్కడ వేయాలో పదిమందిని అడుగుతారు. సెప్టిక్‌ ట్యాంకుకు మాత్రం ఖాళీగా ఉన్న మూలనే ఖాయం చేస్తారు. భూగర్భ మురుగు గొట్టాలు లేని వీధుల్లో ఈ నిర్లక్ష్యం తాగునీటినే కలుషితం చేస్తుంది. విశాఖపట్నం పారిశ్రామిక ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. అలాంటి చోట భూగర్భ జలాలపై అదనపు భారం తగదు.

శుద్ధి చేసేది మట్టే
ట్యాంకులో మడ్డి అడుగుకు చేరి కొంతమేరకే కుళ్లుతుంది. బయటకు వచ్చే నీటిలో రోగకారక క్రిములు, నత్రజని మిగిలే ఉంటాయి. సోక్‌ పిట్‌ చుట్టూ ఉన్న మట్టే వాటిని వడకట్టాలి. విశాఖ పరిసరాలు ఖోండలైట్‌ శిలలపై ఉన్నాయి. ఎర్రమట్టి పొర పలుచగా ఉండి, కింద పగుళ్ల రాయి తగిలితే మురుగు వడపోత లేకుండానే బోర్లకు చేరవచ్చు. బంకమట్టి నేలలో నీరు ఇంకక పైకి ఉబుకుతుంది.

పరీక్ష ఇలా..
భారతీయ ప్రమాణం ఐఎస్‌ 2470 ఈ పరీక్షను వివరిస్తోంది. మురుగు ఇంకవలసిన లోతు వరకు చిన్న గుంత తవ్వి, అడుగున 5 సెం.మీ. గులకరాళ్లు వేయాలి. వాటిపై 30 సెం.మీ. నీరు నింపి, కనీసం 4 గంటలు, వీలైతే రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు గులకరాళ్లపై 15 సెం.మీ. నీరు ఉంచి, అరగంటలో ఎంత తగ్గిందో కొలవాలి. దానినిబట్టి 25 మి.మీ. తగ్గడానికి పట్టే సమయాన్ని లెక్కించాలి. అరగంటలో 50 మి.మీ. తగ్గితే ఆ సమయం 15 నిమిషాలు. 10 మి.మీ. మాత్రమే తగ్గితే 75 నిమిషాలు.

ఈ సమయం 30 నిమిషాలు మించకుంటే సోక్‌ పిట్‌ సరిపోతుంది. 30 నుంచి 60 నిమిషాలైతే గులకరాళ్లు నింపిన ఇంకుడు కందకాలు కావాలి. అంతకు మించితే మురుగును నేలలోకి వదలక, వడపోత గది కట్టించాలి.

వానల తర్వాతే కొలవాలి
మేలో అడుగంటిన బావిని చూసి జలమట్టాన్ని అంచనా వేయరాదు. వర్షాలు ముగిసే అక్టోబరు, నవంబరు నెలల్లో కొలవాలి. నీరు 180 సెం.మీ. లోపే ఉంటే సోక్‌ పిట్‌ పనికిరాదు. మట్టి దిబ్బ పోసి, కందకాన్ని నేలపైకి ఎత్తాలి.

మురుగు ఇంకే చోటు బావికి, బోరుకు కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్ల దూరంలో ఉండాలి. పొరుగింటి బోరునూ లెక్కలోకి తీసుకోవాలి. వాననీటి ఇంకుడు గుంతలోకి మురుగు వదలరాదు. స్థలం చాలనివారు ఇరుగుపొరుగుతో కలిసి ఉమ్మడి ఏర్పాటు చేసుకోవడం మేలు.

ఇప్పటికే ట్యాంకులున్నవారు బోరు నీటిని పరీక్ష చేయించాలి. తాగే నీరు 100 మి.లీ.లో ఇ.కోలి ఉండరాదు. నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా. మించరాదు. రెండు మూడేళ్లకోసారి మడ్డిని యంత్రాలతోనే తీయించాలి. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను ట్యాంకులోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం.