పాత బండిలో బిగిసిపోయిన వెనుక అద్దము

తాళపుచెవిని పెట్టెలో మరచిపోయి ఆ పెట్టెకే తాళము వేసినవాని అవస్థ అందరికీ తెలిసినదే. తాళము తీయాలంటే చెవి కావాలి, చెవి కావాలంటే తాళము తీయాలి. అమెరికాలో కొన్ని పాత ఎస్.యు.వి. బండ్ల యజమానులకు ఇటువంటి చిక్కే ఎదురవుతూ ఉంటుంది. బండి వెనుక తలుపులోని అద్దము పైకి లేచి ఉన్న స్థితిలో బిగిసిపోతుంది. అద్దము దిగితే గాని తలుపు తెరచుకోదు. అద్దాన్ని దింపే యంత్రమేమో ఆ తలుపు కడుపులోనే ఉన్నది.

1973 నుండి 1991 వరకు వచ్చిన పెద్ద షెవ్రొలే బ్లేజర్, 1978 నుండి 1996 వరకు వచ్చిన ఫోర్డ్ బ్రాంకో, 1984 నుండి 1995 వరకు అమెరికాలో అమ్ముడైన టొయోటా ఫోర్‌రన్నర్ బండ్లలో ఇటువంటి తలుపే ఉండేది. ఆ తలుపు క్రింది అంచున ఉన్న బందులపై తిరిగి, పలక వలె వెనుకకు వాలుతుంది. అద్దము ఆ తలుపులోనికే దిగుతుంది. 1996లో వచ్చిన ఫోర్‌రన్నర్‌లో తలుపు పైకి లేచేటట్లు మార్చినారు గాని, అద్దము తలుపులోనికి దిగే ఏర్పాటును మాత్రము విడిచిపెట్టలేదు.

అద్దము దిగనిదే తలుపు తెరచుకోకుండా చేయుటకు తగిన కారణమున్నది. ఈ అద్దానికి పైన చట్రము లేదు. దాని పై అంచు కప్పుకు అమర్చిన రబ్బరు గాడిలో ఇమిడి ఉంటుంది. అద్దము లేచి ఉండగా తలుపును వాల్చితే అద్దము పగిలే ప్రమాదమున్నది. అందుచేత అద్దము దిగేవరకు గడియ కదలకుండా ఒక అడ్డు పెట్టినారు. తలుపు సరిగా మూసి గడియ పడేవరకు మోటారు తిరగకుండా మరొక అడ్డు కూడా చాలా బండ్లలో ఉన్నది. రక్షణ కొరకు పెట్టిన ఈ అడ్డులే, బండి పాతబడినప్పుడు యజమానిని తికమక పెడతాయి.

తలుపు లోపల ఏమున్నది?

వెనుక తలుపు పైకి ఒకే రేకుగా కనిపించినా, అది నిజమునకు రెండు రేకుల మధ్య ఖాళీ గల పెట్టె. ఆ ఖాళీలో ఒక చిన్న విద్యున్మోటారు ఉంటుంది. దాని ఇరుసుపై మరమేకుకు ఉన్నట్టి చుట్లు ఉంటాయి. ఈ చుట్లు ఒక పండ్ల చక్రాన్ని త్రిప్పుతాయి. ఈ జతనే వర్మ్ గేరు అంటారు. మోటారు నిమిషానికి వేల చుట్లు తిరిగినా, పండ్ల చక్రము మెల్లగా తిరుగుతుంది. వేగము తగ్గిన కొలది త్రిప్పే బలము పెరుగుతుంది. ఆ బలము కత్తెర వంటి ఉక్కు చేతులకు అంది, అవి అద్దాన్ని ఎత్తుతాయి, దింపుతాయి. అద్దము రెండు ప్రక్కల అంచులు రబ్బరు లేక మెత్తని బట్ట అతికిన గాడులలో జారుతాయి.

ఎత్తవలసిన బరువు ఎంతో లెక్క కట్టవచ్చును. 120 సెంటిమీటర్ల పొడవు, 45 సెంటిమీటర్ల ఎత్తు, 4 మిల్లిమీటర్ల మందము గల అద్దాన్ని ఉదాహరణగా తీసుకొందాము. దాని ఘనపరిమాణము 2,160 ఘన సెంటిమీటర్లు. ఒక ఘన సెంటిమీటరు గాజు సుమారు 2.5 గ్రాములు తూగుతుంది. కాబట్టి అద్దము బరువు 5.4 కిలోగ్రాములు. ఇది మోటారుకు పెద్ద బరువేమీ కాదు. కాని గాడులలో దుమ్ము పేరుకొని రబ్బరు ఎండిపోతే, అద్దము బరువు కంటె రాపిడియే ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చును.

వర్మ్ గేరుకు ఒక ప్రత్యేకత ఉన్నది. మరచుట్లు చక్రాన్ని త్రిప్పగలవు గాని, చక్రము మరచుట్లను త్రిప్పలేదు. రాపిడి అందుకు అడ్డుపడుతుంది. అందువల్ల బండి కుదుపులకు అద్దము తనంతట తాను దిగదు, బయటినుండి దొంగ నొక్కినా దిగదు. యజమాని రెండు చేతులతో నొక్కినా దిగకపోవడానికి కారణమదే. అది తెలియక ఇనుప కడ్డీతో అంచును పెళ్లగించబోతే అద్దమే పోతుంది. ఈ అద్దాలను కాచి, గాలితో త్వరగా చల్లార్చి గట్టిపరుస్తారు. అందువల్ల వాటి పైపొర ఎప్పుడూ ఒత్తిడికి లోనై ఉంటుంది. నడుమ తగిలిన దెబ్బను అవి కొంతవరకు ఓర్చుకుంటాయి గాని, అంచున గాటు పడితే ఒక్కసారిగా వేల ముక్కలవుతాయి.

విద్యుత్తు నడిచే దారి

బ్యాటరీనుండి బయలుదేరిన విద్యుత్తు ముందుగా ఫ్యూజును దాటుతుంది. తరువాత డ్రైవరు ఎదుట ఉన్న మీటను, లేదా వెనుక తలుపులో తాళపుచెవితో పనిచేసే మీటను చేరుతుంది. గడియ దగ్గరి చిన్న స్విచ్చి అనుమతిస్తే మోటారుకు అందుతుంది. విద్యుత్ ప్రవాహము ఒక దిక్కున పోతే మోటారు ఒక వైపునకు, ప్రవాహాన్ని తారుమారు చేస్తే రెండవ వైపునకు తిరుగుతుంది. అద్దము ఎక్కుటకు, దిగుటకు వేరువేరు మోటార్లు లేవు. హైదరాబాదు వీధులలో తిరిగే కార్ల ప్రక్క అద్దాలను నడిపేది కూడా ఈ సూత్రమే.

ఈ దారిలో అన్నిటికంటె బలహీనమైన చోటు తలుపు బందుల దగ్గర ఉన్నది. బండి శరీరమునుండి తలుపులోనికి పోయే తీగలు అక్కడ ఒక రబ్బరు తొడుగులో ఉంటాయి. తలుపు తెరచినప్పుడెల్లా అవి వంగుతాయి, మూసినప్పుడెల్లా చాపుకుంటాయి. తీగను పదే పదే అటూ ఇటూ వంచి త్రుంచుట చిన్నపిల్లలకు కూడా తెలిసిన విద్యయే. ఇరవై, ముప్పై ఏండ్లలో ఆ తీగలకు జరిగేది కూడా అదే. లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. పైతొడుగు మాత్రము చెక్కు చెదరక, తీగ బాగున్నట్లే కనిపిస్తుంది.

మొదట వినవలెను

తలుపును విప్పబోయే ముందు, ఏ పనిముట్టూ లేకుండా చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నవి.

అద్దము ముందరి మీటకు కదలక, వెనుక తాళపుచెవికి కదలినదంటే మోటారు బాగున్నట్లే. లోపము ముందరి మీటలోనో, దాని తీగలలోనో ఉన్నది. రెండింటికీ కదలకపోతే, మీటను నొక్కి తలుపు దగ్గర చెవి ఉంచి వినవలెను. మోటారు తిరిగే చప్పుడు వినిపించి అద్దము కదలకపోతే గేరు పండ్లో, ఉక్కు చేతుల అతుకో ఊడినట్లు. చప్పుడు లేకపోయినా, మీట నొక్కిన క్షణములో బండిలోని దీపము కొంచెము మసకబారితే మోటారుకు విద్యుత్తు అందుతున్నట్లే. అది త్రిప్పజూచుచున్నది గాని త్రిప్పలేకున్నది. అటువంటప్పుడు మీటను ఎక్కువసేపు నొక్కి ఉంచరాదు, మోటారు వేడెక్కి చుట్టలు కాలిపోతాయి. చప్పుడూ లేక, దీపమూ మసకబారకపోతే విద్యుత్తు దారిలోనే ఎక్కడో ఆగిపోయినది. ఫ్యూజు, గడియ స్విచ్చి, బందుల దగ్గరి తీగలు, ఈ వరుసలో చూడవలెను.

గడియ సగమే పడినా మోటారు తిరగదు. తలుపును లోపలికి గట్టిగా ఒత్తి పట్టుకొని మీట నొక్కగానే అద్దము కదలిన సందర్భాలున్నవి. అటువంటప్పుడు గడియను శుభ్రపరచి సరిచేస్తే చాలును.

మీటరు మోసపుచ్చే సందర్భము

విద్యుత్తును కొలిచే మీటరు చేతిలో ఉన్నవారు కూడా ఒకచోట పొరబడుతారు. మోటారు ప్లగ్గును ఊడదీసి కొలిస్తే మీటరు 12 వోల్టులు చూపుతుంది. తీగలు బాగున్నవి, మోటారే చెడినదని నిశ్చయించి కొత్త మోటారు కొంటారు. అదీ తిరగదు.

జర్మన్ శాస్త్రజ్ఞుడు జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమము ఈ చిక్కును విప్పుతుంది. తీగలో పోయే వోల్టేజి, ప్రవాహమును నిరోధముతో హెచ్చించినంత. తుప్పు పట్టిన ఒక అతుకులో 0.3 ఓముల నిరోధము ఉన్నదనుకొందాము. మోటారు 10 ఆంపియర్లు లాగేటప్పుడు ఆ అతుకులోనే 3 వోల్టులు పోతాయి. మోటారుకు మిగిలేది 9 వోల్టులు. 30 వాట్ల శక్తి అతుకును వేడి చేయుటకు ఖర్చవుతుంది. ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టినప్పుడు దారిలో పోయే ప్రవాహము ఆంపియరులో పదిలక్షలవ వంతు మాత్రమే. అంత కొంచెము ప్రవాహానికి అతుకులో పోయే వోల్టేజి లెక్కకు రాదు. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా అప్పుడు 12 వోల్టులు చూపుతుంది.

కాబట్టి మోటారును తగిలించి, మీట నొక్కి ఉంచి కొలవవలెను. లేదా ప్లగ్గుకు 55 వాట్ల హెడ్‌లైటు బల్బును తగిలించి చూడవలెను. బల్బు ధగధగ వెలిగితే దారి బాగున్నది. ఎఱ్ఱగా మినుకుమన్నదంటే తీగలోనో అతుకులోనో లోపమున్నది.

తలుపును లోపలినుండి విప్పుట

ఇక మొదటి చిక్కు. తలుపు తెరవకుండా తలుపు లోపలి యంత్రాన్ని అందుకొనుట ఎట్లు? వెనుక సీటును మడచి, సామాను ఉంచే చోటికి ప్రాకిపోవుటయే దారి. తలుపు లోపలి వైపున ఉన్న తివాచీ పలకను, దాని వెనుక మరలతో బిగించిన రేకును విప్పితే మోటారు ప్లగ్గు చేతికి అందుతుంది.

ప్లగ్గును ఊడదీసి, నడుమ 20 ఆంపియర్ల ఫ్యూజు గల రెండు తీగలతో బ్యాటరీనుండి నేరుగా మోటారుకు విద్యుత్తు ఇవ్వవలెను. అద్దము ఎక్కబోతే రెండు తీగలనూ తారుమారు చేస్తే దిగుతుంది. అప్పటికీ తిరగకపోతే మోటారు ఒంటిపై చెక్క పిడితో మెల్లగా తట్టి చూడవచ్చును. లోపలి బొగ్గు బ్రష్షులు అరిగి ఇరుక్కొని ఉంటే, ఆ కుదుపుకు సర్దుకొని ఒకసారి తిరుగుతాయి. ఆ ఒక్కసారి చాలును. అద్దము దిగుతుంది, తలుపు తెరచుకుంటుంది. ఆ తరువాత కొత్త మోటారును నింపాదిగా అమర్చవచ్చును.

ఈ పనిలో రెండు జాగ్రత్తలు మరువరాదు. విద్యుత్తు ఇచ్చేటప్పుడు చేతివ్రేళ్లు ఉక్కు చేతుల మధ్య ఉండరాదు. రెండవది, కొన్ని బండ్లలో అద్దము బరువును మోయుటకు గడియారపు స్ప్రింగు వలె చుట్టిన ఉక్కు పట్టీ ఉంటుంది. మోటారు మరలు విప్పగానే ఆ పట్టీ పండ్ల చక్రాన్ని ఒక్కసారిగా విసరుతుంది, వ్రేళ్లు నలుగుతాయి. చక్రాన్ని ముందుగా బిగింపుతో కదలకుండా కట్టిన తరువాతనే మోటారును విప్పవలెను.

తెరచి ఉండిపోయిన అద్దము

అద్దము మూసి బిగిసిపోతే కలిగేది చికాకు. తెరచి బిగిసిపోతే కలిగేది ప్రాణాపాయము. వాన పడదు గదా అని అట్లే ప్రయాణము చేసేవారికి ఈ సంగతి తెలియదు.

మట్టిబాటపై పోయే బస్సును గమనించినవారికి ఒక విషయము తెలిసే ఉంటుంది. దుమ్మును లేపేది చక్రాలే అయినా, ఆ దుమ్ము ఎక్కువగా అంటుకునేది బస్సు వీపుకు. బండి గాలిని చీల్చుకొని పోయినప్పుడు దాని వెనుక గాలి వెంటనే పూడుకోలేదు. అక్కడ పీడనము తగ్గి సుడులు ఏర్పడుతాయి. దుమ్ము ఆ సుడులలో చిక్కి బండి వైపునకే తిరిగి వస్తుంది. ఇంజను పొగగొట్టము తెరచుకునేది కూడా ఆ సుడులున్న చోటనే. వెనుక అద్దము తెరచి ఉంటే దుమ్ము వచ్చిన దారినే పొగ కూడా బండిలోనికి వస్తుంది.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉన్నా శరీరానికి ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, తల తిరుగుట, వికారము, మగత కలుగుతాయి. వీటిని ప్రయాణపు బడలిక అనుకొనుటలోనే ముప్పు ఉన్నది. వెనుక సీటులో నిద్రపోయే పిల్లలు అసలే చెప్పలేరు. పొగగొట్టము తుప్పు పట్టిన పాత బండిలో ఈ భయము మరీ ఎక్కువ.

అందుచేత అద్దము మూతపడేవరకు బండిని నడపకుండుటయే మేలు. మోటారుకు నేరుగా విద్యుత్తు ఇచ్చి అద్దాన్ని ఎక్కించి, ప్లగ్గు ఊడదీసి ఉంచవచ్చును. నడపక తప్పనప్పుడు ప్రక్క అద్దాలు మూసి, బయటి గాలిని తెచ్చే ఫ్యానును పూర్తి వేగముతో తిప్పవలెను. ముందునుండి లోనికి వచ్చే గాలి వెనుకనుండి బయటికి పోతూ పొగను కొంతవరకు ఆపుతుంది. తలనొప్పి మొదలైతే వెంటనే బండి ఆపి, అందరూ బయటి గాలిలోనికి రావలెను.

అద్దము బిగిసిపోకుండా చూచుట కష్టమైన పని కాదు. ఏడాదికొకసారి గాడులలోని దుమ్ము తుడిచి సిలికోన్ నూనె పూయవలెను. ఖనిజ తైలాలు కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి గనుక వాటిని వాడరాదు. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలలో ఆకులు, మట్టి చేరితే నీరు నిలిచి తలుపూ, మోటారూ తుప్పు పడతాయి. ఆ రంధ్రాలను ఒక సన్నని పుల్లతో శుభ్రపరచవలెను. బందుల దగ్గరి రబ్బరు తొడుగును విప్పి తీగలను ఒకసారి చూచుకొనవలెను. ఈ పనులన్నిటికీ కలిపి ఒక పూట చాలును.