పల్లి వేరుకు దొడ్డిదారి

నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఒకటి ఏకంగా కణంలో అవయవమై కూర్చుందట, నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. 2024 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన మాటే. ఆ కణం ఒక సముద్రపు శైవలానిది, అవయవానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. అయినా సంగారెడ్డి జిల్లా వాళ్లకు సముద్రం దాకా ఎందుకు? ఆ జిల్లా పటాన్‌చెరులోనే 1972 నుంచి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. అక్కడి పల్లి వేరు కథ ఇంకా రంజుగా ఉంటుంది.

గాలిలో 78 శాతం నత్రజనే, మొక్క మాత్రం దాన్ని నేరుగా వాడుకోలేదు. వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది, బదులుగా తిండి తీసుకుంటుంది. ఇది బడి పాఠమే. అసలు సంగతి, అది వేరు కణంలోకి దూరే తీరు.

కంది, శనగల్లో పద్ధతిగా జరుగుతుంది. వేరు ఒక రసాయనం వదులుతుంది, బ్యాక్టీరియా ఇంకో రసాయనంతో బదులిస్తుంది. మూలకేశం (వేరు మీది నూగు) కొస వంకర తిరిగి బ్యాక్టీరియాను చుట్టేస్తుంది. అక్కడి నుంచి సన్నని గొట్టమొకటి లోపలికి పెరుగుతుంది, అదే దారి. పల్లిలో ఆ గొట్టమే లేదు! పిల్లవేరు తల్లివేరు లోపల పుట్టి, పై పొరలను చీల్చుకుని బయటికొస్తుంది. ఆ చీలికలోంచి బ్యాక్టీరియా కణాల సందుల్లోకి జొరబడి, ఒక కణం గోడ మెత్తబడ్డ చోట లోపలికి పోతుంది. ఆ కణం విభజన చెందినప్పుడల్లా పిల్లకణాలకు ఈ అతిథులు వారసత్వంగా వస్తాయి. బుడిపె అలా నిండుతుంది. లోపల బ్యాక్టీరియాను మొక్క తన పొరలోనే చుట్టి ఉంచుతుంది. కడ్డీలా ఉన్నది ఉబ్బి గుండ్రమవుతుంది. పని చేస్తున్న బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా కనిపిస్తుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్. నత్రజనిని పట్టే ఎంజైము ఆక్సిజన్ తగిలితే చెడుతుంది, బ్యాక్టీరియాకేమో ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఆ తగవు తీర్చేది ఇదే.

ఈ బుడిపెలను 17వ శతాబ్దంలో మాల్పిగీ అనే శాస్త్రవేత్త పురుగు కాటు వాపులనుకున్నాడు. 1857–58లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్ట్, పగ్ అనే శాస్త్రవేత్తలు ఎంతో జాగ్రత్తగా మట్టిని కాల్చి, అందులో మొక్కలు పెంచి, అవి గాలి నత్రజనిని పట్టవని తేల్చారు. ఆ కాల్చడంలోనే పని చేసే బ్యాక్టీరియా చచ్చిందని ఎవరికీ తట్టలేదు! 1886–88లో హెల్రీగల్, విల్‌ఫార్త్ లెక్క సరిచేశారు.

నన్ను వదలని చిక్కుముడి మాత్రం ఇక్రిశాట్‌దే. అక్కడ బుడిపెలు కట్టని పల్లి మొక్కలు బయటపడ్డాయి. నంబియార్ బృందం 1983లో రాసింది: వాటికి మూలకేశాలు లేవు. మామూలు పల్లికి పిల్లవేరు మొదట్లో కేశాలు కుచ్చులా ఉంటాయి. దారి కేశంలోంచి కాకపోయినా, కేశం లేకపోతే బుడిపె రాలేదు!

ఉపయోగమా? ఎరువుల దుకాణంలో రైజోబియం ప్యాకెట్లు దొరుకుతాయి. కాకపోతే రేకుల కప్పు కింద ఎండకు మగ్గితే లోపలి బ్యాక్టీరియా బతకదు. శనగ ప్యాకెట్ పల్లికి పనికిరాదు. బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తాలి. పైన యూరియా దండిగా చల్లితే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గించేస్తుంది.