కానరాని కిరణములు, కనిపించు వెలుగు



మనలో పెక్కురు ఎక్సురే తీయించుకొన్నవారే. ఆ కిరణములు కంటికి కానరావు. మరి వానితో బొమ్మ యెట్లు ఏర్పడుచున్నది? నడుమ ఒక దుబాసీ యున్నాడు. అతడు ఒక పొడి. ఎక్సుకిరణములు తాకినంతనే ఆ పొడి వెలుగును.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గు నగరమున రాంట్జెను పండితుడు ఒక గాజుగొట్టమును నల్లని అట్టతో కప్పి, అందు విద్యుత్తును పంపుచుండెను. వెలుతురు బయటికి పొక్కు వీలు లేదు. అయినను ఎడముగా నున్న యొక కాగితము మినుకుమనెను. దానికి పూసినది బేరియము ప్లాటినోసయనైడు. ఆ పూతయే కొత్త కిరణముల జాడను పట్టియిచ్చినది.

మరుసటి యేట అమెరికాలో ఎడిసను అనేక పదార్థములను పరీక్షించి, కాల్షియము టంగ్‌స్టేటు ఈ పనికి మిక్కిలి యుక్తమని నిర్ణయించెను. ఆయనకు సాయపడిన క్లారెన్సు డాలీ కిరణముల యెదుట తన చేతులనే మాటిమాటికి నుంచి చూచుచుండెను. తాకునప్పుడు నొప్పి తెలియదు. అదియే ఆ కిరణముల మోసము. చేతులు పుండ్లుపడెను, తుదకు వానిని తీసివేయవలసి వచ్చెను. 1904లో అతడు మరణించెను.

కావున ఎంత తక్కువ కిరణములతో బొమ్మ వచ్చిన రోగికి అంత మేలు. వట్టి ఫిలిముపై పడిన కిరణములలో అధికభాగము జల్లెడలో పోసిన నీటివలె దాటిపోవును. ఫిలిమునకు ఇరువైపుల పొడి పూసిన తెరల నుంచినచో అవి కిరణములను పట్టి వెలుగుగా మార్చును. ఫిలిమును నల్లబరచునది ముఖ్యముగా ఆ వెలుగే. 1970 దశకమున గడోలినియము, టెర్బియము అను అరుదైన లోహములతో చేసిన తెరలు వచ్చి, కిరణముల అవసరమును మరింత తగ్గించెను. నేటి యంత్రములలో ఫిలిమునకు బదులు సీజియము అయొడైడు సూదులవలె పేర్చబడి యుండుట కలదు. ఒక్క ఎక్సుకిరణపు కణము అందు అణగినచో వేలకొలది వెలుగుకణములు పుట్టును. ఆ వెలుగు విద్యుత్తుగా మారి, కంప్యూటరు తెరపై బొమ్మ యగును.

ఇక రాచపుండు, అనగా కాన్సరు. కొన్ని మందులు వెలుతురు సోకినప్పుడే పనిచేయును. అప్పుడవి కణములలోని ప్రాణవాయువును తీక్ష్ణముగా మార్చి కంతిని చంపును. కాని వెలుతురు మాంసములో అంగుళమైనను సరిగా దిగదు. అందుచేత వెలుగు పొడిని అతిసూక్ష్మరేణువులుగా చేసి, మందుతోకూడ కంతిలోనికి పంపి, వెలుపలినుండి ఎక్సుకిరణములను ప్రసరింపజేయవలెనని 2006లో ఒక యోచన ప్రకటితమయ్యెను. దీపమును లోపలనే వెలిగించుట యన్నమాట! ఎలుకలపై ఆశాజనకమైన ఫలితములు వచ్చినవి. వాడుక చికిత్సగా మాత్రము ఇది ఇంకను స్థిరపడలేదు. దీని పేరు చెప్పి యెవరైన ధనమడిగినచో, వైద్యులు నిర్ణయించిన చికిత్సను మాని వారి వెంట పోరాదు. చిక్కులు రెండు మిగిలియున్నవి: కొద్ది కిరణములతోనే చాలినంత వెలుగు పుట్టవలెను, పని తీరిన పిదప ఆ రేణువులు కాలేయమునందు నిలిచిపోక వెలుపలికి పోవలెను.