విచారణ నివేదిక: రహస్యమా, ప్రజల హక్కా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. 2012 మే 22న పెనుకొండ స్టేషన్‌లో ఆగి ఉన్న గూడ్సు బండిని హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. 2013 డిసెంబరు 28న ఇదే మార్గంలో, కొత్తచెరువు సమీపంలో, బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ తగలబడింది. ఒక్కొక్క ప్రమాదంలో ఇరవై మందికి పైగా మరణించారు.

ఇటువంటి ప్రమాదాలపై 1989 రైల్వే చట్టం ప్రకారం రైల్వే భద్రతా కమిషనర్ విచారణ జరుపుతారు. ఈ అధికారి రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. విచారణలో ప్రజలూ సాక్ష్యం చెప్పవచ్చు. కానీ సాధారణంగా వారికి తెలిసేది నివేదిక సారాంశమే.

పూర్తి నివేదిక బయటపెడితే సిబ్బంది నిజం చెప్పడానికి జంకుతారనీ, నేర దర్యాప్తు దెబ్బతింటుందనీ ఒక వాదన. సారాంశం ‘డ్రైవరు తప్పు’ అని ముగిస్తే పని గంటలు, సిగ్నళ్లు, బోగీ తలుపుల వంటి అంశాలు మరుగున పడతాయనీ, సిఫార్సుల అమలును అడగటానికి బాధిత కుటుంబాలకు ఆధారం ఉండదనీ మరొక వాదన.

2005 సమాచార హక్కు చట్టంలో దీనికి మధ్యే మార్గం ఉంది. సెక్షన్ 8(1)(హెచ్) దర్యాప్తుకు ఆటంకమయ్యే సమాచారాన్ని మినహాయిస్తుంది. ప్రజాప్రయోజనం అధికమైతే దానినీ ఇవ్వవచ్చని 8(2) చెబుతుంది. మినహాయింపు గల భాగాన్ని తీసివేసి మిగిలినది ఇచ్చే వీలు సెక్షన్ 10 కల్పిస్తుంది. కాబట్టి కొన్ని పేజీలు రహస్యమైనంత మాత్రాన నివేదిక అంతా రహస్యం కానక్కరలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సారాంశం మాత్రమే వెల్లడిస్తే బాధితులకు కలిగే నష్టమేమిటి?